నో తెంగా పేనా: గ్వాటెమాల వంటింట్లో నా స్పానిష్ చదువు

రెండో ఇంట్లో మొదటి రాత్రి. పళ్లెంలో ఉడికించి మెదిపిన నల్ల బీన్స్, పక్కన ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న ముద్దలు రెండు. నేను ఒకటి తిని ఆగిపోయాను. ఆ ఇంటావిడ బుట్ట నా వైపు జరిపి "నో తెంగా పేనా" అంది. పేనా అంటే బాధ, దుఃఖం అని పుస్తకంలో చదివాను. నా మొహం అంత దిగులుగా కనిపిస్తోందా అని కంగారు పడ్డాను.

మర్నాడు బడిలో టీచర్‌ని అడిగాను. ఆవిడ ఇంగ్లిష్‌లో రెండు మూడు మాటలు వెతికి, ఏదీ సరిపోవట్లేదని వదిలేసి, సందర్భాలు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరింట్లోనో ఇంకో ముద్ద కావాలనిపించినా అడగలేం కదా, అది పేనా. పెద్దవాళ్ల ముందు మాట పెగలకపోతే అది పేనా. ఎవరైనా సాయం చేస్తామంటే "వద్దులెండి, మీకెందుకు శ్రమ" అంటాం, అదీ పేనానే. మూడోది వినేసరికి నాకు నవ్వొచ్చింది. ఇది మా మొహమాటం. "మొహమాట పడకండి" అంది ఆవిడ రాత్రి. నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ అర్థం కొట్టేసి తెలుగులో రాసుకున్నాను. ఆ రోజు నుంచి నా నోట్‌బుక్ అంతా తెలుగే.

ఇది 2019 అక్టోబర్ మొదట్లో సంగతి. అప్పుడు నేను టెక్సాస్‌లో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేస్తున్నాను. అంతకుముందు వేసవిలో ఒక టీకా శిబిరంలో పనిచేసినప్పుడు, నా దగ్గరకు వచ్చిన తల్లుల్లో చాలామందికి స్పానిష్ తప్ప వేరే భాష రాదు. ఒకామె పాపకి టీకా వేయించి, వెళ్తూ వెళ్తూ నన్నేదో అడిగింది. నాకు అర్థం కాలేదు. అనువాదం చేసేవాళ్లు ఇంకో టేబుల్ దగ్గర ఉన్నారు. వాళ్లు వచ్చేలోపు ఆమెకు బస్సు టైమ్ అయిపోయింది. పాపని భుజాన వేసుకుని ఆమె నడిచి వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ ప్రశ్న జ్వరం గురించో, రెండో డోసు గురించో అయి ఉంటుంది. ఆ రాత్రే ఒక టర్మ్ ఆపుకుని ఈ భాష నేర్చుకుందామని నిర్ణయించుకున్నాను.

మధ్య అమెరికాలోని గ్వాటెమాలలో స్పానిష్ బడులు ప్రధానంగా రెండు ఊళ్లలో ఉన్నాయి. ఒకటి ఆంతీగ్వా, చాలా అందమైన ఊరు, కానీ టూరిస్టులు ఎక్కువ, వీధిలో ఇంగ్లిష్ వినిపిస్తూనే ఉంటుంది. రెండోది కెత్సాల్తెనాంగో. అక్కడ అందరూ దాన్ని షేలా అంటారు, అది అక్కడి మూలవాసులైన మాయా ప్రజలు పెట్టిన పాత పేరు షెలాహూ నుంచి వచ్చింది. రాజధాని నుంచి బస్సులో 200 కిలోమీటర్లు. సముద్ర మట్టానికి దాదాపు 2,330 మీటర్ల ఎత్తు, అంటే మన ఊటీ కంటే ఎక్కువ. నేను షేలాకే వెళ్లాను. సెప్టెంబర్ 12న దిగి డిసెంబర్ 9న తిరిగి వచ్చాను. ఆ తేదీలు కావాలనే అలా పెట్టుకున్నాను, అప్పట్లో ఉండనిచ్చేది 90 రోజులే. గ్వాటెమాల, ఎల్ సాల్వడోర్, హోండురాస్, నికరాగ్వా నాలుగింటికీ కలిపి ఒకటే లెక్క, మధ్యలో హోండురాస్ వెళ్లొస్తే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేవారు కాదు. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు వీసా సంగతి మాత్రం రాయబార కార్యాలయంలోనే అడిగి కనుక్కోండి, స్నేహితుల మాట మీద టికెట్ కొనకండి.

అక్కడి బడి పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒక విద్యార్థికి ఒక టీచర్. పొద్దున ఎనిమిది నుంచి ఒంటి గంట దాకా, వారానికి ఐదు రోజులు, చిన్న బల్లకి అటొకరు ఇటొకరు. దాక్కోవడానికి చోటే ఉండదు. బడి వాళ్లే ఒక ఇంట్లో గది కుదురుస్తారు. మూడు పూటలా ఆ ఇంట్లోనే భోజనం, ఆదివారం మాత్రం మన తిండి మనం చూసుకోవాలి.

మొదటి ఇల్లు నాకు కలిసి రాలేదు. ఆ ఇంట్లో నాతో పాటు ఇంకో నలుగురు విదేశీ విద్యార్థులు ఉండేవారు. భోజనాల బల్ల దగ్గర మేం మాలో మేం ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేవాళ్లం. ఇంటివాళ్లు మాకు వడ్డించి, లోపలికి వెళ్లి విడిగా తినేవారు. వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, మా అందరికీ వండి వార్చేసరికే వాళ్ల రోజు అయిపోయేది. తిండి ఇంకో ఇబ్బంది. "నో కోమో కార్నే", అంటే మాంసం తినను అని మొదటి రోజే చెప్పాను. రెండో రోజు కోడి పులుసు వచ్చింది. అక్కడ కార్నే అంటే ఎక్కువమందికి గొడ్డు మాంసమే, కోడి లెక్కలోకి రాదు. కోడి, చేప, పంది అన్నీ పేరుపేరునా చెప్పాలి. అది చాలదు. అన్నంలో కోడి రుచి పొడి వేస్తారా, బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా అని కూడా అడగాలి. శాకాహారులు ఎవరైనా వెళ్తుంటే ఈ రెండు ప్రశ్నలూ ముందే స్పానిష్‌లో రాయించుకుని వెళ్లండి. నాకు అవి అడగడానికి మూడు వారాలు పట్టింది.

ఇల్లు మారుస్తారా అని అడగడానికీ అన్నే రోజులు పట్టింది. వాళ్లని నొప్పించినట్టవుతుందని భయం. ఆఖరికి టీచర్‌తో చెప్తే, ఇళ్లు మారడం అక్కడ మామూలే అంది. మీరు చదవడానికి అలా వెళ్తే బడివాళ్లని ముందే ఒక మాట అడగండి: ఇంట్లో ఇంకా ఎంతమంది విద్యార్థులున్నారు, ఇంటివాళ్లు మనతో కలిసి కూర్చుని తింటారా అని. గది ఎంత పెద్దది, వైఫై ఉందా అన్నవాటి కంటే ఇది వంద రెట్లు ముఖ్యం.

రెండో ఇల్లు మార్కెట్‌కి దగ్గరగా, సన్నటి సందులో ఉండేది. ఇంట్లో ఇంటావిడ, ఆమె ఇద్దరు పిల్లలు, ఆమె అత్తగారు. ఆ అత్తగారికి 70 దాటాయి. ఊరంతా ఆవిడని "నాన్" అని పిలిచేది. ఆవిడ మాతృభాష కిచే, అక్కడి మాయా భాషల్లో ఒకటి. కిచేలో పెద్దావిడని గౌరవంగా నాన్ అంటారు, పెద్దాయనని తాత్ అంటారు. మా భాషలో నాన్న, తాత అనే మాటలున్నాయని చెప్తే ఆవిడ చాలాసేపు ఆ రెండు మాటలూ పలుకుతూ కూర్చుంది.

ఇల్లంతా చలి. ఆ ఊళ్లో ఇళ్లకి హీటర్లు ఉండవు. స్నానాల గదిలో షవర్‌కే కరెంటుతో వేడెక్కే గిన్నె ఒకటి బిగించి ఉంటుంది, నీళ్లు సన్నగా వదిలితేనే వేడిగా వస్తాయి. అందుకని అందరం వంటింట్లోనే చేరేవాళ్లం. నా హోంవర్క్ అక్కడే, పిల్లల హోంవర్క్ అక్కడే, నాన్ బీన్స్ ఏరడమూ అక్కడే.

భాష విషయం చెప్తాను. నేను అమెరికాలో ఒక సెమిస్టర్ స్పానిష్ చదివాను. ఇంగ్లిష్ మీదుగా చదివాను. అక్కడ "మె గూస్తా ఎల్ కఫే" అనే వాక్యానికి ఒక క్లాసంతా పట్టింది. ఇంగ్లిష్‌లో ఇష్టపడే మనిషి కర్త, స్పానిష్‌లో కాఫీ కర్త, వాక్యం తిరగబడుతుంది అని బాణం గుర్తులు గీసి చెప్పారు. నేనూ ఆ బాణాలే బట్టీ పట్టాను. షేలాలో ఒక రోజు నాన్ నాకు కాఫీ ఇచ్చి "లె గూస్తా?" అంది. ఆలోచించకుండా లోపల తెలుగులో జవాబు వచ్చింది: నాకు ఇష్టం. మె గూస్తా. నాకు ఇష్టం. తిరగబడింది ఏముంది ఇందులో? నాకు తల నొప్పి, మె దువేలె లా కబేసా. నాకు భయం వేస్తోంది, మె దా మియేదో. నాకు మొహమాటం, మె దా పేనా. ఇన్నాళ్లూ నేను మా వీధిలోంచే ఉన్న దారిని వదిలి ఊరంతా తిరిగి వెళ్తున్నానని ఆ క్షణం అర్థమైంది.

అక్కడి నుంచి ప్రతి పాఠాన్నీ తెలుగు పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాను. స్పానిష్‌లో "ఉండు" లాంటి క్రియలు రెండు, సేర్, ఎస్తార్. ఏది ఎక్కడ వాడాలన్నది పెద్ద తలనొప్పి. తెలుగులో క్రియే అక్కర్లేని చోట సేర్ పెట్టి చూశాను: ఈమె మా అక్క, నేను స్టూడెంట్‌ని, ఇప్పుడు మూడు గంటలు. "ఉంది" అని తప్పకుండా అనాల్సిన చోట ఎస్తార్: అక్క వంటింట్లో ఉంది, నీళ్లు చల్లగా ఉన్నాయి. అన్నిచోట్లా పనిచేయదు, కానీ పది తప్పులు చేసే చోట రెండు మూడు చేశాను. త, ద, ప, క మన అక్షరాల్లాగే ఊపిరి వదలకుండా పలకాలి, అచ్చులు ఐదూ మనవే. పేరో అంటే "కానీ", పెర్రో అంటే కుక్క. కర్రలో, గుర్రంలో ఉన్న ర్ర నాకు చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి అది ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టలేదు.

ఇబ్బంది పెట్టింది లింగం. బల్ల ఆడది, పుస్తకం మగది, చెయ్యి "ఓ"తో ముగిసినా ఆడది, సమస్య "ఆ"తో ముగిసినా మగది. మనకి ఇవన్నీ "అది". రోజుకి ఇరవై సార్లు తప్పు చెప్పేదాన్ని. నాన్ కూడా చెప్పేది! కిచేలోనూ వస్తువులకి ఆడ, మగ తేడా లేదు. ఆవిడ "లా ప్రోబ్లేమా" అంటే పిల్లలు సరిదిద్దేవారు, ఆవిడ తల ఊపి మళ్లీ అలాగే అనేది. అప్పుడు గమనించాను, ఆ ఇంట్లో అందరికంటే నాకు బాగా అర్థమయ్యేది ఆవిడ స్పానిషే. మెల్లగా, విడివిడిగా, ఒక్కో మాటా చేత్తో తీసి పెడుతున్నట్టు మాట్లాడేది. ఆవిడ కూడా నాలాగే ఆ భాషని బయటి నుంచి నేర్చుకుంది.

ఎలా నేర్చుకున్నారని ఒక సాయంత్రం అడిగాను. పుట్టింది మోమోస్తెనాంగో వైపు, ఉన్ని దుప్పట్లు నేసే ఊళ్లు అవి. చిన్నప్పుడు ఏటా కాఫీ కోతకి కుటుంబమంతా దక్షిణాన ఉన్న తోటలకి వెళ్లేవాళ్లు. "ఈబామోస్" అంది, అంటే వెళ్లేవాళ్లం. ఒకసారి జరిగినదానికి ఒక భూతకాలం, ఏటేటా జరిగేదానికి ఇంకో భూతకాలం. వెళ్లాం, వెళ్లేవాళ్లం. టీచర్ వారం రోజులు చెప్పిన పాఠం నాన్ బాల్యంలో నాకు దొరికింది. నడిచేవాళ్లం, కోసేవాళ్లం, ఒకే గదిలో చాలా కుటుంబాలు పడుకునేవాళ్లం. బడికి వెళ్లింది రెండేళ్లు. అక్కడ కిచేలో మాట్లాడితే కొట్టేవాళ్లు. ఆవిడకి స్పానిష్ వచ్చింది బడిలో కాదు, తర్వాత ఈ ఊరి మార్కెట్‌లో కూరగాయలు అమ్ముతూ. ముందు అంకెలు, తర్వాత కూరల పేర్లు, ఆ తర్వాత బేరాలు, తిట్లు.

తిట్లు అన్నప్పుడు ఆవిడ చెప్పిన ఒక మాట నాకు ముందే తెలుసు. మొదటి వారం క్లాసులో నేను "సోయ్ ఇందియా" అన్నాను, భారతీయురాలిని అని చెప్పబోయి. టీచర్ పెన్ను కింద పెట్టింది. ఇక్కడ ఆ మాట మాయా జనాన్ని కించపరచడానికి వాడతారు, "సోయ్ దె లా ఇందియా" అను, ఇండియా నుంచి వచ్చానని చెప్పు, వాళ్ల గురించి చెప్పాలంటే ఇందీహెనా అను, అంది. నేను సరిదిద్దుకున్నాను. కానీ ఆ మాట బరువు ఎంతో నాన్ నోటి నుంచి విన్నాకే తెలిసింది. బస్సులో సీటు మీంచి లేపేటప్పుడు, బేరం కుదరనప్పుడు, ఆవిడని ఆ మాటే అనేవాళ్లు. నా దేశం పేరు, వాళ్ల తిట్టు ఒకే మాట. దాని వెనక ఐదు వందల ఏళ్ల కిందటి నావికుల పొరపాటు ఉందని మనం పుస్తకంలో చదువుకుంటాం. ఆవిడకి అది సీటు మీంచి లేపిన చెయ్యి.

గ్వాటెమాలలో 22 మాయా భాషలున్నాయి. 1960లో మొదలైన అంతర్యుద్ధం 1996 డిసెంబర్‌లో ముగిసింది, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మాయా ప్రజలే. 2003లో వచ్చిన చట్టం ఆ భాషలని జాతీయ భాషలుగా గుర్తించింది. ఇదంతా నేను చదివి వెళ్లాను. కానీ నాన్ మనవడికి కిచేలో పది మాటలు కూడా రావు. ఆవిడే నేర్పలేదు. "వాణ్ని ఎవరూ కొట్టకూడదని" అంది. మనవడు అప్పుడు బల్లకి అవతల లెక్కలు చేసుకుంటున్నాడు. నాకు మాట రాలేదు. కాసేపటికి, నాకు కొంచెం నేర్పండి అన్నాను. మాల్త్యోష్ అంటే కృతజ్ఞతలు. ఊత్స్ అంటే మంచిది. కిచేలో గొంతు బిగించి పలికే హల్లులు నాకు రాలేదు, పిల్లాడికి టక్కున వచ్చాయి. నాకు నేర్పేటప్పుడు వాడు కూడా పక్కన చేరేవాడు.

గురువారం షేలాలో పాచెస్ రోజు. ఉడికించిన బంగాళాదుంప ముద్దలో మసాలా కలిపి, మధ్యలో మాంసం ముక్క పెట్టి, పెద్ద ఆకులో మడిచి, నారతో కట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మాది కోనసీమ. అమ్మమ్మ పనసాకులతో బుట్టలు కుట్టి అందులో పిండి పోసి పొట్టిక్కలు ఉడికించేది. ఆ ఆకు వాసన వంటిల్లంతా నిండితే నాకు ఏడుపొచ్చింది. నాన్ ఏమీ అడగలేదు. నా కోసం మాంసం లేకుండా, కొవ్వు బదులు నూనెతో నాలుగు విడిగా చేసింది. మిగతావాటికి ఒక ముడి, నావాటికి రెండు ముడులు. గిన్నెలో అన్నీ కలిసిపోయినా చేత్తో తడిమి తీసి ఇచ్చేది.

నాకు ఆఖరిదాకా కొరుకుడు పడనిది సబ్జంక్టివ్. జరిగినది కాకుండా జరగాలని కోరుకునేదానికి క్రియ రూపం మారుతుంది. పట్టికలు రాసి రాసి చేయి నొప్పి పుట్టింది. టీచర్ ఒక రోజు "ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు పెద్దావిడ ఏమంటుంది?" అని అడిగింది. "కె లె వాయా బియెన్." క్షేమంగా వెళ్లిరండి. "పడుకునే ముందు?" "కె దెస్కాన్సె." హాయిగా నిద్రపోండి. "మరి భోజనాల దగ్గర?" నో తెంగా పేనా. అవన్నీ సబ్జంక్టివే. రెండు నెలలుగా నేను వాటిని వింటూ గడప దాటుతున్నాను. మా అమ్మమ్మ చల్లగా ఉండమ్మా అనేది, అదీ అలాంటిదే కదా.

నవంబర్ 1న అందరం శ్మశానానికి వెళ్లాం. సమాధులకి రంగులు వేసి, పువ్వులు పరిచి, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. సంక్రాంతికి ఎగరేసే నాకు ఆ దారం చేతికి రాగానే చలి పోయింది. నాన్ తన భర్త సమాధి మీద కూర్చుని కిచేలో ఆయనతో మాట్లాడింది. కిచేలో ఆవిడ వేగంగా మాట్లాడుతుందని, నవ్వుతూ మాట్లాడుతుందని ఆ రోజే చూశాను.

ఇంకో మాట చెప్పాలి. గ్వాటెమాలలో మర్యాద మాట ఉస్తేద్, చనువు మాట వోస్. నాన్ నన్ను ఉస్తేద్ అనే పిలిచేది. అంత పెద్దావిడ నన్ను మీరు అంటుంటే నాకు ఇబ్బందిగా ఉండేది. అడిగితే "అతిథి కదా" అనేది. డిసెంబర్ 7 సాయంత్రం ఆరింటికి ఊరంతా వీధుల్లో మంటలు వేశారు. దయ్యాన్ని తగలబెట్టే పండగ, ఇంట్లోని పాత సామాను, చెత్త అంతా ఊడ్చి మంటలో వేస్తారు. ఇది మా భోగి అని పిల్లలకి చెప్తూ నేనూ మంచాల కింద ఊడ్చి తెచ్చాను. పనిలో పడి తిండి మర్చిపోయాను. నాన్ మంటకి అవతల నుంచి అరిచింది: "యా కొమీస్తె, వోస్?"

తిన్నావా?

నేను వంటింట్లోకి వెళ్లి తిన్నాను. రెండు రోజుల తర్వాత బస్సెక్కాను.

ఇప్పుడు టెక్సాస్‌లోనే పనిచేస్తున్నాను, రోజులో సగం స్పానిష్‌లోనే గడుస్తుంది. గురువారం నాడు వీలైతే షేలాకి ఫోన్ చేస్తాను. మొన్న నేను కూడా పాచెస్ చేశానని చెప్పాను. అక్కడి ఆకు ఇక్కడ దొరకదు, మెక్సికన్ కొట్లో అరిటాకులు తెచ్చాను. బంగాళాదుంప మరీ పల్చగా అయింది. నాన్ అంతా విని, ఇంటికి ఎవరైనా వచ్చారా అని అడిగింది. ఇద్దరు వచ్చారు, వాళ్లు మాంసం తింటారు అన్నాను.

"మరి నీవాటికి ముడులు ఎన్ని వేశావు?"

"రెండు, నాన్."

"ఊత్స్" అంది.